నిర్వచనము లేని ఉపసర్గ : ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రములలో పేరుబరి దోషము, దాని చరిత్ర, పరిష్కరణము

1. విషయప్రస్తావన

శాస్త్రగ్రంథములను చదువువారికి సంజ్ఞల విషయమున జాగరూకత అవసరమని వేరుగ చెప్పనక్కరలేదు. 'గణము' అను మాట ఛందస్సున అక్షరముల యొక్కయో మాత్రల యొక్కయో కూర్పును తెలుపును. వ్యాకరణమున ధాతువుల సముదాయమును తెలుపును. శైవవాఙ్మయమున శివుని పరివారమును తెలుపును. ఈ మూడును వేర్వేరు గ్రంథములలో నున్నంతవరకు చిక్కు లేదు. ఒకే నిఘంటువున చేరినప్పుడు ఏ యర్థము ఏ శాస్త్రమునకు చెందినదో తెలుపుటకై నిఘంటుకారులు 'ఛం.', 'వ్యా.' వంటి పొట్టి గుర్తులను వాడుదురు. ఆ గుర్తుల వివరణము పీఠికలో నుండును. పీఠిక చినిగిపోయిన ప్రతిలో గుర్తులు మిగులును గాని వాని యర్థము మిగులదు.

గ్రంథములను కంప్యూటరున భద్రపరచుటకు నేడు విరివిగా వాడబడుచున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ అను పద్ధతిలో సరిగా ఇట్టి చిక్కే కలదు. ఒక పత్రమున <ఛం:గణము> అని ఒక అంశము కనిపించును. 'ఛం' అను ఉపసర్గ దేనికి గుర్తో ఆ పత్రమున ఎచ్చటను ప్రకటింపబడి యుండదు. పత్రమును చదువు పార్సరు అచ్చట దోషమును చూపి ఆగిపోవును. చిన్న పత్రమున ఇది స్వల్పవిషయము. అనేక సంపుటముల గ్రంథమునో ఒక విజ్ఞానసర్వస్వమునో మోయు పెద్ద ఫైలున ఈ దోషము కొన్ని గంటల శ్రమను వృథా చేయును. అంతకంటె ముఖ్యముగ, తొందరపడి చేసిన సవరణ గ్రంథపాఠమునే చెరుపును.

ఈ దోషము యాదృచ్ఛికమైనది కాదు. 1998, 1999 సంవత్సరములలో జరిగిన రెండు నిర్ణయముల నడుమ నున్న ఎడము నుండి ఇది పుట్టినది. ఆ చరిత్రను తెలిసికొన్నవారికే దీని పరిష్కరణము సుకరమగునని మా యభిప్రాయము. ఆంగ్లమున 'నేమ్‌స్పేస్' అనుదానికి తెలుగు వికీపీడియా వారు 'పేరుబరి' యను చక్కని మాటను వాడుకలోనికి తెచ్చిరి. ఈ వ్యాసమున మేమును దానినే గ్రహించితిమి.

2. పేరుబరులకు పూర్వము

పాఠమునకును, పాఠమును గూర్చిన సమాచారమునకును భేదము చూపవలెనను ఆలోచన 1969 నాటికే ఐబీఎమ్ సంస్థలో రూపు దాల్చినది. చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు అచ్చట జీఎమ్‌ఎల్ అను పద్ధతిని కల్పించిరి. అది పెరిగి 1986లో ఎస్‌జీఎమ్‌ఎల్ అను పేర అంతర్జాతీయ ప్రమాణమైనది. ఈ పద్ధతిలో ప్రతి పత్రమునకును ఒక లక్షణపత్రము ఉండవలెను. ఏ యంశములు రావచ్చునో, ఏది దేనిలో నుండవచ్చునో ఆ లక్షణపత్రము నిర్ణయించును. దీనినే డీటీడీ యందురు. ఒక పత్రమునకు ఒకే పదజాలము అనునది ఆ నాటి సామాన్య దృష్టి. కావున పేర్ల సంఘర్షణ అంతగా బాధించినది కాదు.

సాహిత్యపరిశోధకులకు ఈ పద్ధతితో సంబంధము తొలినాళ్లనుండియే ఏర్పడినది. 1987 నవంబరులో అమెరికాలోని పొకిప్సీ పట్టణమున, వాసర్ కళాశాలలో జరిగిన సమావేశమున ప్రాచీనాధునిక గ్రంథములను కంప్యూటరున కెక్కించుటకు ఒక ఉమ్మడి మార్గదర్శిని కావలెనని పండితులు నిర్ణయించిరి. ఆ ప్రయత్నమే టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్. దానినే సంక్షేపముగ టీఈఐ యందురు. పాఠాంతరములు, లేఖకదోషములు, పరిష్కర్త పూరణలు మొదలగువానిని గుర్తించుటకు వలసిన పేర్లన్నియు అందు ఏర్పరుపబడినవి. దాని సంపాదకులలో నొకరైన సి. ఎమ్. స్పెర్‌బర్గ్-మెక్వీన్ పిమ్మట ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణమునకును సంపాదకులలో నొకరైరి. ఈ విద్యకు సాహిత్యశాఖలతో గల చుట్టరికము ఇట్టిది.

1996లో జాన్ బొసాక్ నాయకత్వమున ఎస్‌జీఎమ్‌ఎల్‌ను సులభతరము చేయు పని ఆరంభమైనది. టిమ్ బ్రే, జాన్ పావోలీ, స్పెర్‌బర్గ్-మెక్వీన్ సంపాదకులుగా 1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 వెలువడినది. డీటీడీ లేకున్నను పత్రము నియమబద్ధము కావచ్చుననుట అందలి ప్రధానమైన మార్పు. తెరిచిన ట్యాగులన్నియు సరిగా మూయబడినచో చాలును. మరియొక విశేషము మనకు ప్రియమైనది. అంశముల పేర్లలో తెలుగు లిపిని వాడుటకు ఆ మొదటి కూర్పే అనుమతి నిచ్చినది. పైని మేము చూపిన <ఛం:గణము> అను పేరు ఆ ప్రమాణము ననుసరించి సాధువే.

ఐతే ఆ పేరున నడుమ నున్న ద్విబిందువు మాట యేమి? పేర్లలో ద్విబిందువు రావచ్చునని 1.0 ప్రమాణము ఒప్పుకొన్నది. కాని రానున్న పేరుబరుల ప్రయోగములకై దానిని విడిచియుంచితిమని సూచించి ఊరకున్నది. తలుపు తీసియుంచి, లోనికి వచ్చువాడెవ్వడో పిమ్మట చెప్పుదుమన్నట్లయినది. మనము చర్చించుచున్న దోషమునకు బీజము ఇచ్చటనే కలదు.

3. 1999 నాటి నిర్ణయము

డీటీడీ యొక్క కట్టుబాటు సడలినంతనే పలు పదజాలములను ఒకే పత్రమున కలుపవలెనను కోరిక పెరిగినది. గ్రంథవివరములకు ఒక పదజాలము, గణితసూత్రములకు మరియొకటి, చిత్రములకు వేరొకటి. వీనిలో ఒకే పేరు వేర్వేరర్థములలో నుండుట సహజము. దీనికి సమాధానముగ 1999 జనవరి 14న పేరుబరుల ప్రమాణము వెలువడినది. టిమ్ బ్రే, డేవ్ హాలండర్, ఆండ్రూ లేమన్ దాని సంపాదకులు.

ఆ ప్రమాణమున మూడు నియమములు ముఖ్యములు. మొదటిది : అంశము యొక్క నిజమైన పేరు రెండు భాగములు కలది. ఒకటి పేరుబరిని తెలుపు దీర్ఘమైన చిరునామా, రెండవది స్థానికమైన పేరు. ఆ చిరునామాను యూఆర్ఐ యందురు. రెండవది : ఇంత పొడవైన చిరునామాను మాటిమాటికి వ్రాయుట కష్టము కనుక దానికి బదులుగ ఒక పొట్టి ఉపసర్గను వాడవచ్చును. ఉపసర్గకు స్వతంత్రమైన అర్థము లేదు. ఒకరు 'ఛం' అన్నదానినే మరియొకరు 'ఛంద' యనవచ్చును. చిరునామా ఒక్కటే యైనచో రెండును ఒక్కటే. మూడవది : ఉపసర్గ ప్రకటన ఏ యంశమున నున్నదో ఆ యంశమునకును, దాని లోపలి యంశములన్నింటికిని వర్తించును. లోపల మరల ప్రకటించినచో ఆ లోపలిదే ప్రబలమగును.

సూత్రగ్రంథములను చదివినవారికి ఈ మూడవ నియమము క్రొత్త కాదు. అధికారసూత్రము తన పరిధిలోని సూత్రములన్నింటిని ఏలును. తదనంతర సూత్రములలో ఆ పదము కంటికి కనబడకున్నను అనువృత్తిచేత వచ్చి చేరును. ప్రకరణమునుండి ఊడదీసిన సూత్రము అధికారమును కోల్పోయి అర్థహీనమగును. ఐతే ఒక భేదము గలదు. అనువృత్తి ముందునుండి వెనుకకు వరుసగా నడచును. పేరుబరి ప్రకటన పైనున్న అంశమునుండి దాని లోపలివానికి మాత్రము దిగును, ప్రక్కనున్న అంశమునకు పోదు.

రెండు ఉపసర్గలకు మాత్రము ప్రత్యేకస్థానము కల్పింపబడినది. ఆంగ్లాక్షరములలో 'ఎక్స్‌ఎమ్‌ఎల్' అని వ్రాయబడు ఉపసర్గకు పేరుబరి స్వతస్సిద్ధముగ నిర్ణయింపబడినది. దానిని ప్రకటింపనక్కరలేదు. 'ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్' అనునది ప్రకటనలకే కేటాయింపబడినది. తక్కిన ఉపసర్గలన్నియు వాడుటకు ముందు ప్రకటింపబడవలసినవే.

ఈ ప్రమాణము వెలువడిన వెంటనే చర్చలును చెలరేగినవి. ఉపసర్గయే పేరని భ్రమించువారికి తెలియజెప్పుటకు 1999 ఫిబ్రవరిలో జేమ్స్ క్లార్క్ ఒక చిన్న వివరణమును వ్రాసెను. చిరునామాను పుష్పబంధములలో నుంచి, దాని ప్రక్కన స్థానికనామమును వ్రాయు పద్ధతిని అందు చూపెను. నేటికిని అనేక పార్సరులు ఈ రూపముననే పేర్లను అందించుచున్నవి. 2000లో అసంపూర్ణములైన చిరునామాలను పేరుబరులుగ వాడవచ్చునా యను వివాదము తీవ్రమై, తుదకు అట్టివానిని విడిచిపెట్టవలెనని నిర్ణయమైనది. చిరునామా అనునది ఇచ్చట చేరవలసిన స్థలము కాదు, కేవలము ఒక పేరు. అక్షరమక్షరము సరిపోలినప్పుడే రెండు పేరుబరులు ఒక్కటిగ నెంచబడును.

4. ఒకే పత్రము, పలు తీర్పులు

1998 నాటి ప్రమాణము, 1999 నాటి ప్రమాణము రెండు వేర్వేరు అంతస్తులు. ప్రకటన లేని ఉపసర్గ గల పత్రము మొదటి ప్రమాణమును బట్టి నిర్దుష్టము. ద్విబిందువు పేరులో నొక అక్షరము మాత్రమే. రెండవ ప్రమాణమును బట్టి అదే పత్రము సదోషము. దోషమును తెలుపవలెనని రెండవ ప్రమాణము విధించినది. తెలిపిన పిమ్మట ఏమి చేయవలెనను విషయమున పార్సరులు తమ తమ దారులు త్రొక్కినవి.

జేమ్స్ క్లార్క్ రచించిన ఎక్స్‌పాట్ అను పార్సరున పేరుబరులను గమనించు రీతి, గమనింపని రీతి అని రెండు కలవు. గమనించు రీతిలో దోషము కనబడినచోట అది ఆగిపోవును. గమనింపని రీతిలో అదే పత్రమును తుదివరకు చదువును. డేనియల్ వెయార్ రచించిన లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ దోషమును తెలిపి, ఉపసర్గతో కూడిన పేరును అఖండమైన పేరుగ గ్రహించి ముందునకు సాగగలదు. జావా భాషలో పత్రవృక్షమును నిర్మించు సాధనము, ప్రత్యేకముగ కోరిననే తప్ప, పేరుబరులను గమనింపదు. అది పేరుబరులకు పూర్వపు ప్రోగ్రాములు చెడకుండుటకై చేసిన ఏర్పాటు. దోషమును తెలుపు మాటలును వేర్వేరు. ఒకటి ఉపసర్గ 'కట్టబడలేదు' అనును, ఒకటి 'నిర్వచింపబడలేదు' అనును, మరియొకటి 'ప్రకటింపబడలేదు' అనును. మూటికిని తాత్పర్యమొక్కటే.

కావున 'నా కంప్యూటరున ఈ ఫైలు బాగుగనే తెరచుకొన్నది' అను వాక్యము పత్రశుద్ధికి ప్రమాణము కాజాలదు. ఏ రీతిలో చదువబడినదని ముందుగా నడుగవలెను.

5. పెద్ద ఫైళ్ల విషయము

పత్రమును చదువుటకు రెండు మార్గములు ప్రసిద్ధములు. మొదటి మార్గమున పత్రమంతయు మెమరీలో ఒక వృక్షముగ నిలుపబడును. 1998 అక్టోబరులో వెలువడిన డామ్ ప్రమాణము ఈ మార్గమునకు చెందినది. అందు పేరుబరుల ప్రసక్తి లేదు. 2000 నవంబరులో వచ్చిన రెండవ కూర్పున అవి చేర్పబడినవి. ఫైలు పెద్దదైనకొలది ఈ వృక్షము ఫైలుకంటె కొన్ని రెట్లు మెమరీని కోరును. కనుక పెద్ద గ్రంథములకు ఇది పనికిరాదు.

రెండవ మార్గమున పార్సరు పత్రమును ప్రవాహమువలె మొదటినుండి చివరకు ఒక్కమారు చదువుచు, ఒక్కొక్క ట్యాగు తగిలినప్పుడు తెలియజేయుచు పోవును. డేవిడ్ మెగిన్సన్ నాయకత్వమున 1998 మే నెలలో రూపొందిన శాక్స్ దీనికి ప్రసిద్ధోదాహరణము. 2000 మే నెలలో వెలువడిన దాని రెండవ కూర్పు పేరుబరులను స్వీకరించి, ఒక ఉపసర్గ యొక్క పరిధి ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలుపు ఏర్పాటును చేసినది.

ప్రవాహపద్ధతిలో వెనుకకు చూచుట లేదు. పార్సరు తన చేత నొక దొంతరను మాత్రము ఉంచుకొనును. అంశము తెరచుకొన్నప్పుడు దాని ప్రకటనలను దొంతరపై నుంచును, మూసికొన్నప్పుడు తీసివేయును. ఒక సూక్ష్మవిషయము : ప్రకటన అదే ట్యాగున, పేరునకు తరువాత రావచ్చును. కనుక ట్యాగు పూర్తిగ ముగియువరకు ఆగి పిమ్మటనే ఉపసర్గను నిర్ణయింపవలెను. అటుపై కూడ ప్రకటన దొరకనిచో అది నిశ్చయముగ లేనట్లే. పత్రమున తరువాత నెచ్చటనో వచ్చు ప్రకటన దీనికి ఉపకరింపదు.

పెద్ద ఫైలున ఈ దోషమెందుకు క్లేశకరమో దీనినిబట్టి తెలియును. లక్షలకొలది అంశములు నిర్దుష్టముగ గడచిన పిమ్మట ఎచ్చటనో లోతున నొక్క ఉపసర్గ తగిలి పని నిలిచిపోవును. అప్పటికి సగము సమాచారము డేటాబేసునకు చేరియుండును. ఆ సగమునే పూర్ణమని భ్రమించి లెక్కలు కట్టినచో పరిశోధనఫలితము మొదటికే మోసమగును.

6. దోషము పుట్టు తీరులు

ఈ దోషము ప్రధానముగ నాలుగు విధముల పుట్టునని చెప్పవచ్చును.

మొదటిది, ముక్కలు చేయుట. పెద్ద ఫైలును సౌకర్యమునకై ఖండించినప్పుడు ప్రకటనలన్నియు మూలాంశమున, అనగా మొట్టమొదటి ముక్కలో నిలిచిపోవును. తక్కిన ముక్కలు పీఠిక చినిగిన ప్రతులవంటివి.

రెండవది, అతుకుట. వేర్వేరు పత్రములనుండి అంశములను కేవలము అక్షరములుగ నెత్తి ఒకచోట అంటించినప్పుడు ఉపసర్గలు వచ్చును గాని ప్రకటనలు రావు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌నుండి వెబ్‌పుటగ భద్రపరచిన వ్యాసములలో 'ఓ', 'పీ' అను ఆంగ్లాక్షరముల నడుమ ద్విబిందువు గల ట్యాగు తరచుగ కనబడును. దాని ప్రకటన ఆ పుట యొక్క మూలాంశమున నుండును. పేరాను మాత్రము ఎత్తి ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రమున నుంచినప్పుడు ఉపసర్గ అనాథయగును. హెచ్‌టీఎమ్‌ఎల్‌ను చదువు బ్రౌజరు దీనిని పట్టించుకొనదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సరు పట్టుకొనును.

మూడవది, విలువలలో దాగిన ఉపసర్గ. కొన్ని పదజాలములలో ఉపసర్గతో కూడిన పేరు ఒక గుణము యొక్క విలువగ, కొటేషను గుర్తుల నడుమ వచ్చును. పార్సరునకు అది సామాన్యాక్షరముల వరుస మాత్రమే. కనుక దోషము చూపదు. ఆ విలువను వాడుకొను ప్రోగ్రాము మాత్రము తరువాత తడబడును.

నాలుగవది, అన్వేషణవాక్యమున దోషము. 1999 నవంబరులో వెలువడిన ఎక్స్‌పాత్ అను అన్వేషణభాషలో ఉపసర్గను వాడినచో దానిని అన్వేషించువాడే వేరుగ ప్రకటింపవలెను. పత్రములోని ప్రకటన తనంతట వచ్చి చేరదు. ఇట్టిచోట పత్రమును నిందించుట తగదు.

7. తెలుగు వికీపీడియా ప్రతి : ఒక ఉదాహరణము

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా యొక్క సమస్తవ్యాసములును ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రతిగ ఎవరైనను దింపుకొనుటకు లభించుచున్నవి. ఆధునిక తెలుగు గద్యమును గూర్చి పనిచేయు విద్యార్థులకు ఇది పెద్ద ఆకరము. ఈ ఫైలున మూలాంశము రెండు ప్రకటనలను చేయును. ఒకటి ఉపసర్గ లేని పేర్లకన్నింటికిని వర్తించు సామాన్య పేరుబరి. రెండవది లక్షణపత్రపు చోటును తెలుపుటకు కావలసిన ఒక ఉపసర్గ. తరువాత వరుసగా ఒక్కొక్క వ్యాసమునకు ఒక్కొక్క అంశము వచ్చును. వ్యాసపాఠమును మోయు అంశమున ఖాళీలను యథాతథముగ నుంచవలెనను సూచన కలదు. దాని ఉపసర్గ స్వతస్సిద్ధమైన 'ఎక్స్‌ఎమ్‌ఎల్' అనునదే.

ఇప్పుడొక వ్యాసమును మాత్రము కత్తిరించి వేరుగ చదివింతము. పార్సరు ఏ దోషమును చూపదు. అందలి ఉపసర్గ ప్రకటన నపేక్షింపనిది కదా. కాని సామాన్య పేరుబరి ప్రకటన మూలాంశముతో పోయినది. కావున ఖండమున 'పుట', 'శీర్షిక' మున్నగువాని నిజమైన పేర్లు మారిపోయినవి. పూర్ణప్రతికై వ్రాసిన అన్వేషణవాక్యము ఈ ఖండమున ఒక్క వ్యాసమును కూడ చూపదు. ఖండమునకై వ్రాసినది పూర్ణప్రతిలో నేమియు చూపదు. రెండుచోట్లను ఫలితము శూన్యమే, దోషసూచన మాత్రము లేదు. ఉపసర్గదోషము బిగ్గరగ అరచును. ఇది మౌనముగ మోసగించును. అరచు దోషమే మేలని మా యనుభవము.

ఇదే ఫైలున విద్యార్థులను తికమకపెట్టునది మరియొకటి కలదు. ప్రతి వ్యాసమునకును పేరుబరి సంఖ్యను తెలుపు అంశమొకటి ఉండును. అది వికీపీడియాలో చర్చాపుట, వాడుకరి పుట మొదలగు విభాగములను తెలుపునది. ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరుబరితో దానికి సంబంధము లేదు. పేర్ల సంఘర్షణను వారించుటకు పుట్టిన పేరే రెండర్థములలో సంఘర్షించుట గమనింపదగినది.

8. పరిష్కరణ క్రమము

తాళపత్రప్రతిని పరిష్కరించువారు మొదట ప్రతిని ముట్టరు. దానికి మారువ్రాత చేసికొని దానిపై పనిచేయుదురు. ఇచ్చటను అదియే మొదటి నియమము. మూలఫైలును మార్పక భద్రపరుపవలెను.

పిమ్మట, సుదీర్ఘమైన పనిని మొదలిడకముందే ఒక పరీక్షాపఠనము చేయవలెను. పార్సరును పేరుబరులను గమనింపని రీతిలో నుంచి, ఫైలును ప్రవాహముగ నొకమారు చదివి, ద్విబిందువు గల ప్రతి పేరును, ప్రతి ప్రకటనను గమనింపవలెను. ప్రకటనల దొంతరను మనమే ఉంచుకొన్నచో ఏ ఉపసర్గ ప్రకటనలేక వాడబడినదో, మొదట ఏ పంక్తిలోనో, మొత్తము ఎన్నిమారులో ఒక పట్టిక తయారగును. దీనికి కావలసిన మెమరీ అత్యల్పము. కాలము ఒక్క పఠనమునకు పట్టునంత మాత్రమే.

మూడవది, పోయిన ప్రకటనకై వెదకుట. ముక్కయైనచో మొదటి ముక్కలో, అతుకైనచో అంశము వచ్చిన పత్రములో, అదియు లేనిచో అదే సంస్థ వెలువరించిన తోడిపత్రములలోను, లక్షణపత్రములోను అన్వేషింపవలెను. ఉపసర్గను చూచి చిరునామాను ఊహించుట తగదు. గ్రంథవివరములకై డబ్లిన్ కోర్ అను పదజాలమునే తీసికొన్నచో, దానికి పాతది, క్రొత్తది అని రెండు పేరుబరులు కలవు. ఒకే ఉపసర్గను రెంటికిని వాడినవారు గలరు. అక్షరము తప్పినచో పేరే తప్పునని ముందే చెప్పితిమి.

నాలుగవది, దొరకిన ప్రకటనను చేర్చు విధానము. పెద్ద ఫైలును తెరచి దిద్దనక్కరలేదు. ఆ ప్రకటనలు గల క్రొత్త అంశము నొకదానిని తెరచు ట్యాగును పార్సరునకు ముందుగ అందించి, దాని వెనుక ఫైలును కొంచెము కొంచెముగ అందించి, తుదకు మూయు ట్యాగును అందించినచో చాలును. ప్రకటన పైనుండి దిగివచ్చును. ఇందు మూడు జాగ్రత్తలు కలవు. ఫైలు మొదట నున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రకటనవాక్యమును, డీటీడీ సూచనను దాటవేయవలెను, అవి మరియొక అంశము లోపల నుండరాదు. ఆ వాక్యమున లిపిసంకేతము తెలుపబడియున్నచో దానిని పార్సరునకు వేరుగ తెలుపవలెను. పూర్ణమైన ఫైలునకు క్రొత్త అంశమున ఉపసర్గలనే ప్రకటింపవలెను గాని సామాన్య పేరుబరిని ప్రకటింపరాదు. ప్రకటించినచో ఉపసర్గ లేని పేర్లన్నియు మారిపోవును. వికీపీడియా ముక్కవలె సామాన్య పేరుబరిని నిజముగ కోల్పోయిన ఖండమునకు మాత్రము దానిని తిరిగి ఇచ్చుటయే పరిష్కారము.

ఐదవది, ఎంత వెదకినను దొరకనిచో ఏమి చేయవలెను? పరిష్కర్త తన సంస్థ యొక్క చిరునామాతో నొక తాత్కాలిక పేరుబరిని కల్పించి, ఇది మూలమున లేదు, మేము పూరించితిమి అని పీఠికలో తెలుపవలెను. శిథిలభాగములను కుండలీకరణములలో పూరించు మన సంప్రదాయమే ఇది.

చేయరాని పనులును రెండు కలవు. ఉపసర్గలను అక్షరాన్వేషణతో చెరిపివేయుట మొదటిది. ఛందోగణమును వ్యాకరణగణమును ఒకటే యైపోవును. అంతేకాక, అట్టి అక్షరములే వ్యాసపాఠమున నున్నచో పాఠము కూడ చెరిగిపోవును. దోషమును లెక్కింపక సాగుమని పార్సరునకు ఆజ్ఞాపించుట రెండవది. అప్పుడు పేరు అఖండమైనదిగ మిగిలి, ఫలితమును మరల ఫైలుగ వ్రాసినప్పుడు అదే దోషము మరియొకరి చేతికి చేరును. ఇది పరిష్కరణము కాదు, ఋణమును వాయిదా వేయుట. ఫైలున ఏమున్నదో చూచుటకు మాత్రము ఈ రీతిని వాడవచ్చును.

9. ఉపసంహారము

1998లో ద్విబిందువునకు చోటిచ్చి దాని యర్థమును విడిచిపెట్టుటయు, 1999లో ఆ యర్థమును వేరొక ప్రమాణముగ పైనుంచుటయు ఈ దోషమునకు కారణములు. దీనిని ఆ నిర్మాతల అజాగ్రత్త యని మేము నిందింపము. రెంటిని ఒకటిగ చేయవలెనని ఆగియున్నచో మొదటిది ఆ సంవత్సరమున వెలువడెడిది కాదేమో. టీఈఐ వారును 2002 నాటి కూర్పున ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను స్వీకరించియు పేరుబరిని స్వీకరింపక, 2007 నాటి కూర్పుననే దానిని స్వీకరించిరి. కావున ఈ రెండు కూర్పుల నాటి పత్రములును ఒకచోట చేరు గ్రంథాలయములలో ఒకే పేరు గల అంశములు వేర్వేరు నిజనామములతో నున్నవని గుర్తుంచుకొనవలెను.

చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞాపరిచ్ఛేదముతో నారంభించెను. ద్రుతమనగా నేమో, కళలనగా నేమో తెలియక సంధి పరిచ్ఛేదమును చదువబూనిన వానికి సూత్రములు కనబడును గాని శాస్త్రము కనబడదు. నేడు మన శాఖలలో తాళపత్రములు, నిఘంటువులు, శాసనపాఠములు కంప్యూటరునకు ఎక్కుచున్నవి. వానిని ఎక్కించువారు మూలాంశమున నొక్క పంక్తి ప్రకటనను నిలుపుటకును, ఖండించువారు ప్రతి ఖండమునకును దానిని అందించుటకును శ్రద్ధ వహించినచో, ఏబది యేండ్ల పిమ్మట ఆ పత్రమును తెరచువానికి 'ఛం' అనగా నేమో తెలియును. లేనిచో మన మెంతో శ్రమించి గుర్తించిన భేదములు వానికి అర్థము లేని అక్షరములుగ మిగులును. సంజ్ఞను వాడినవాడే దానిని నిర్వచింపవలెనను శాస్త్రమర్యాద ఇచ్చటను చెల్లునది.